ప్రాజెక్టు డైరీ: 12 బోరు బర్మింగ్‌హామ్ హ్యామర్ తుపాకీ

బెంచి మీద ఉన్నది ఒక జోడు గొట్టాల హ్యామర్ తుపాకీ. 30 అంగుళాల డమాస్కస్ గొట్టాలు, లోపలి స్ప్రింగు గొట్టాల వైపు చాచుకుని ఉండే బార్ లాకులు (లాకు అంటే హ్యామర్‌ని నడిపే యంత్రం), ట్రిగ్గర్ గార్డు కింద పక్కకి తిరిగే అండర్‌లీవర్. రిబ్బు (రెండు గొట్టాలనూ కలిపే పట్టీ) మీద ఇంగ్లండులోని ఒక చిన్న పట్టణపు ఇనుప సామాన్ల కొట్టు పేరు అందంగా చెక్కి ఉంది. ఆ కొట్టువాళ్ళు దీన్ని అమ్మారంతే. తయారైంది బర్మింగ్‌హామ్‌లో.

రిబ్బు మీద పేరు చూసి తుపాకీ పుట్టుక తేల్చేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. స్టీల్‌హౌస్ లేన్, లవ్‌డే స్ట్రీట్, ప్రైస్ స్ట్రీట్ చుట్టూ ఉన్న గన్ క్వార్టర్‌లో పని చిన్న చిన్న గదులకు పంచుకుపోయి ఉండేది. గొట్టం అతికేవాడు ఒకడు, దాన్ని ఆకురాయితో తీర్చేవాడు ఇంకొకడు. యాక్షన్ (గొట్టాలు వచ్చి మూసుకునే లోహపు భాగం) మలిచేవాడు, కర్ర అమర్చేవాడు, నగిషీ చెక్కేవాడు, బ్రౌనింగ్ (గొట్టాలకు తుప్పుతో తెచ్చే రంగు) వేసేవాడు వేరువేరు మనుషులు. లాకులు చాలామటుకు వుల్వర్‌హాంప్టన్ నుంచి వచ్చేవి. సగం పూర్తయిన తుపాకీ ఒక గది నుంచి ఇంకో గదికి చేతులు మారుతూ పోయి, చివర్లో ఎవరు ఆర్డరిచ్చారో వాళ్ళ పేరు రిబ్బు మీదకి ఎక్కేది. కలకత్తాలో మాంటన్, రాడ్డా, మద్రాసులో పి. ఆర్ అండ్ సన్స్ పేర్లతో మన జమీందారుల ఇళ్ళకు చేరిన తుపాకుల్లో చాలావాటి కథా ఇదే. పైన అమ్మినవాడి పేరు, కింద బర్మింగ్‌హామ్ ముద్రలు.

పని పరిధి ఇలా పెట్టుకున్నాం: గొట్టాలకు మళ్ళీ బ్రౌనింగ్, లాకుల శుభ్రం, కర్రకు నూనె తీయడం, పగులు అతకడం, పాత చెకరింగ్‌కి (పట్టు కోసం కర్ర మీద చెక్కిన గళ్ళ గీతలకి) పదును పెట్టడం. యాక్షన్ మీద మిగిలిన కేస్ హార్డెనింగ్ రంగును ముట్టుకోం. అన్ని దశలకీ ఒకటే షరతు: లోహం గానీ ముద్ర గానీ పోయే పని చేయకూడదు. కర్ర పోతే ఇంకో కర్ర దొరుకుతుంది. గొట్టం గోడ పలచబడితే మళ్ళీ మందం కాదు.

చట్టం సంగతి ముందే: బ్రిటన్‌లో ఈ తుపాకీ షాట్‌గన్ సర్టిఫికెట్ పరిధిలోకే వస్తుంది, కాలం తీరిన బోరు కింద లెక్కకు రాదు. ఇండియాలో ఆయుధాల చట్టం, 1959 ప్రకారం మరమ్మతుకి కూడా లైసెన్సు ఉండాలి. తాతగారి తుపాకీ అటక మీద ఉంది కదా అని స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు, లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ముద్రలు చదవడం

గొట్టాలు విడదీసి బోర్లా పెడితే అడుగున చదునైన భాగం మీద ముద్రలన్నీ కనిపిస్తాయి. మెత్తటి బ్రష్, కిరోసిన్ తప్ప ఇంకేమీ వాడలేదు. ఇక్కడ ఎమ్రీ తగిలితే చరిత్ర చెరిగిపోతుంది.

కిరీటం కింద అడ్డంగా దాటిన రాజదండాలు, వాటి మధ్య ఒకచోట బి.పి.సి., ఇంకోచోట వి. ఇవి 1813 చట్టంతో ఏర్పడిన బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ (గొట్టాలను ఎక్కువ ఒత్తిడితో కాల్చి పరీక్షించే చోటు) ముద్రలు. 1904 వరకూ ఈ రూపంలోనే కొట్టారు. లండన్ గన్‌మేకర్స్ కంపెనీ అంతకంటే చాలా పాతది, 1637లో చార్టర్ పొందింది. లండన్ ముద్రలు వేరుగా ఉంటాయి, పొరబడే అవకాశం లేదు.

కాలం తేల్చింది మాత్రం ఎడమ గొట్టం మీది చిన్న అక్షరాలు: "నాట్ ఫర్ బాల్". ఈ మాట 1875 నుంచి 1887 వరకే కొట్టారు. దానికో కారణముంది. గొట్టం కొసను సన్నం చేసి గుళ్ళు చెదరకుండా చూసే చోక్ పద్ధతికి న్యూకాజిల్‌కు చెందిన పేప్ 1866లో పేటెంటు తీసుకున్నాడు. 1874 నుంచి డబ్ల్యు. డబ్ల్యు. గ్రీనర్ దాన్ని పట్టుబట్టి ప్రచారం చేశాడు. పాత అలవాటున అలాంటి గొట్టంలో పూర్తి సైజు సీసపు గుండు పెట్టి కాలిస్తే కొస దగ్గర ఇరుక్కుని గొట్టం చీలిపోతుంది. అందుకే ఆ హెచ్చరిక. 1887లో దాని స్థానంలో "చోక్" అన్న మాట వచ్చింది, బోరు అంకెతో సి అక్షరాన్ని వజ్రాకారంలో కొట్టే ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) ముద్ర కూడా అప్పుడే మొదలైంది. మా గొట్టాల మీద వజ్రం లేదు. కాబట్టి తుపాకీ ఆ పన్నెండేళ్ళ లోపుదే.

ఎడమ గొట్టం మీద ఇంకా "13 బి", "15 ఎం" అని ఉంది. బి అంటే బ్రీచ్, తూటా పెట్టే వెనక వైపు, ఎం అంటే మజిల్, కొస. కుడి గొట్టం మీద ఉత్త 13. ఆ అంకెలు పౌను సీసానికి ఎన్ని గుళ్ళు అన్న లెక్క. పన్నెండు గుళ్ళు వస్తే ఒక్కో గుండు వ్యాసం 0.729 అంగుళం, పదమూడైతే 0.710, పద్నాలుగైతే 0.693, పదిహేనైతే 0.677. 12 బోరు తూటా వేసే తుపాకీ లోపలి గొట్టం 13గా ఉండటం ఆ రోజుల్లో మామూలే.

కొలతలు

మూడు కాళ్ళ బోర్ గేజ్, గోడ మందం గేజ్. అంతకుమించి ఏమీ అక్కర్లేదు, కానీ ఈ రెండూ లేకుండా పాత తుపాకీ కొనడం గుడ్డి బేరం.

బ్రీచ్ నుంచి 9 అంగుళాల లోపల కుడి గొట్టం 0.715, ఎడమ 0.717. రెండూ 13 హద్దులోనే ఉన్నాయి. ఎడమ గొట్టం కొస 0.694 చూపింది. అక్కడ కొట్టిన ముద్ర 15, అంటే 0.677 ప్రాంతంలో ఉండాలి. నడుమ ఎవరో చోక్‌ని 17 థౌ దాకా తెరిచారు. (అంగుళంలో వెయ్యో వంతును ఈ పనిలో థౌ అంటారు, ఇకపై అదే వాడతాం.) ఇప్పుడు మిగిలిన బిగింపు 23 థౌ. ఇంత గట్టి చోక్‌ని నూట ముప్పై ఏళ్ళలో ఎవరో ఒకరు వదులు చేయించుకోవడం వింతేమీ కాదు.

గోడ మందం అసలు పరీక్ష. బ్రీచ్ దగ్గర ఎప్పుడూ దిట్టంగానే ఉంటుంది, అది చూసి మురిసిపోకూడదు. ప్రమాదం నడిమి భాగంలో, ఎడమ చెయ్యి పట్టుకునే చోట. ప్రతి అంగుళానికీ నాలుగు దిక్కుల కొలిచాం. కుడి గొట్టంలో అతి పలచన చోటు 26 థౌ. ఎడమ గొట్టంలో బ్రీచ్‌కి 14 అంగుళాల దూరాన ఒకచోట 21 థౌ. గోడ మందానికి కనీస హద్దు అంటూ చట్టంలో లేదు, వ్యాపారంలో 20 థౌ దిగువకు పోతే పెదవి విరుస్తారు. ఈ ఒక్క అంకె మిగతా పనంతటినీ శాసిస్తుంది. లోపల బ్రీచ్ ముందు కొన్ని తుప్పు గుంటలున్నాయి, నల్లమందు (పాతకాలపు నల్ల తుపాకీ మందు) మసి, పాత క్యాపుల లవణాలు చేసిన పని. వాటిని లాపింగ్ చేసి (లోపలి గోడను అరగదీసి) తుడిచేయమని అడిగేవాళ్ళుంటారు. 21 థౌ గోడ మీద ఆ ముచ్చట వద్దు. గుంటలు అలాగే ఉంటాయి.

ఛాంబర్ పొడవు రెండున్నర అంగుళాలు (దాదాపు 64 మి.మీ.). తూటా పెట్టె మీద రాసేది కాల్చాక విప్పుకున్న పొడవు. గుర్తుపెట్టుకోవలసింది ఇది: 70 మి.మీ. తూటా కాల్చకముందు ఈ ఛాంబర్‌లో చక్కగా పడుతుంది, కాల్చాక నోరు తెరుచుకోవడానికి చోటుండదు, ఒత్తిడి పెరిగిపోతుంది. పట్టింది కదా అని కాల్చడమే పాత తుపాకులకు చేటు. పైగా దీనికి నల్లమందు ప్రూఫ్ మాత్రమే ఉంది.

రిబ్బు పరీక్షకి పరికరం అక్కర్లేదు. గొట్టాలను లంప్ (యాక్షన్‌లోకి దిగే అడుగు ముక్క) దగ్గర దారం కట్టి వేలాడదీసి, గోటితో మీటాలి. గంటలా మోగితే టంకం గట్టిగా ఉన్నట్టు. మాది మొదటి సగం మోగి, కొసన జీరపోయింది. రాసిపెట్టుకున్నాం.

విప్పడం

మామూలు స్క్రూడ్రైవర్‌తో బ్రిటిష్ తుపాకీ విప్పితే ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది. వీటి పిన్నుల తలల మీది గాళ్ళు సన్నటివి, 20 థౌ చుట్టుపక్కల. బజారు స్క్రూడ్రైవర్ మొన ఏటవాలుగా ఉంటుంది కాబట్టి గాడి పైఅంచునే పట్టుకుని జారిపోతుంది. రెండు పక్కలా సమాంతరంగా అరగదీసిన బ్లేడు కావాలి, ఒక్కో గాడికి సరిపోయేలా ఆకురాయితో తీర్చుకోవాలి, తల వెడల్పుకు మించి ఉండకూడదు.

ఫోరెండ్ (గొట్టాల కింద ఉండే ముందు కర్ర), గొట్టాలు పక్కన పెట్టాక లాకులు. రెండు లాకులనూ కలిపే అడ్డపిన్నును మూడు చుట్లు వదులు చేసి, దాని తల మీద చెక్క పిడితో మెల్లగా తడితే అవతలి లాకు దానంతటదే పైకి లేస్తుంది. అంచులో మొన దూర్చి పెకలించినవాడి గుర్తు ఈ తుపాకీ మీదా ఉంది, కుడి లాకు వెనక కర్ర అంచు గోరంత ఎగిరిపోయింది.

తీసిన పిన్నుల్ని అట్టముక్క మీద తుపాకీ బొమ్మ గీసి, దేని చోట దాన్ని గుచ్చాం. ఒకటి ఇంకో చోట పట్టినా సరిపోదు. బిగించినప్పుడు ప్రతి గాడీ గొట్టాల దిశలోనే నిలిచేలా వీటి తలల్ని ఒక్కొక్కటిగా తీర్చి ఉంటారు.

లాకు ప్లేటు లోపల స్టాంటన్ పేటెంటు ముద్ర. వుల్వర్‌హాంప్టన్ లాకుల తయారీదారు జాన్ స్టాంటన్ 1867లో పేటెంటు తీసుకున్న రిబౌండింగ్ లాకు ఇది. అంతకుముందు కాల్చాక హ్యామర్ స్ట్రైకర్ (తూటా అడుగును పొడిచే సూది) మీదే ఆనుకుని ఉండిపోయేది. తుపాకీ తెరవాలంటే దాన్ని చేత్తో సగానికి లాగాలి, లేకపోతే స్ట్రైకర్ ముక్కు తూటాలో గుచ్చుకుని ఆపేస్తుంది. స్టాంటన్ పద్ధతిలో మెయిన్‌స్ప్రింగే హ్యామర్‌ని కొట్టనిచ్చి వెంటనే వెనక్కి లాగేస్తుంది. ఒకే స్ప్రింగు రెండు చేతులతో రెండు పనులు చేస్తుంది. చూడటానికి చిన్న సంగతే, కానీ 1870ల తర్వాత హ్యామర్ తుపాకీ కాలగర్భంలో కలవకుండా ఇంకో ముప్పై ఏళ్ళు బతకడానికి ఇదొక కారణం.

మెయిన్‌స్ప్రింగ్‌ను బిగింపు క్రాంపుతో తప్ప తీయకూడదు. పట్టకారుతో నొక్కితే ఒకవైపే ఒత్తిడి పడి వి ఆకారపు మడత దగ్గర పుటుక్కుమంటుంది. అక్కడ తుప్పు గుంట ఉంటే పగులు సరిగ్గా దాని నుంచే మొదలవుతుంది. మా స్ప్రింగులు రెండూ నిగనిగలాడుతున్నాయి. గోధుమరంగు జిగురుగా మారిన పాత నూనెను కిరోసిన్‌లో రాత్రంతా నానబెట్టి తీశాం. రాపిడి తగిలే ముఖాల మీద ఎమ్రీ పెట్టలేదు, అవి చేత్తో తీర్చి గట్టిపరిచినవి, ఆ పలుచటి గట్టి పొర పోతే ట్రిగ్గర్ బరువు మారిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు లాకులో కదిలే భాగాలకు, అంటే టంబ్లర్ ఇరుసుకు, సియర్ ముక్కుకు, స్వివెల్‌కు సూదిమొనతో ఒక్కో చుక్క పలుచటి నూనె. అంతకంటే ఎక్కువ పోస్తే ఎక్కడికి పోతుందో కర్ర దగ్గర చెప్తాం.

అండర్‌లీవర్‌ గురించి రెండు మాటలు. వెనక నుంచి తూటా పెట్టే తుపాకీని ఫ్రాన్సుకు చెందిన లెఫషో 1851 లండన్ మహా ప్రదర్శనలో చూపించాక ఇంగ్లండులో కదలిక వచ్చింది, జోసెఫ్ లాంగ్ ఆ దారి పట్టాడు. అప్పటి పట్టు బలహీనం. 1859లో బర్మింగ్‌హామ్‌కు చెందిన హెన్రీ జోన్స్ మరచుట్టు లాంటి రెండు గాళ్ళతో లంప్‌ను పట్టుకునే లీవర్ కనిపెట్టాడు. మూడేళ్ళకు కట్టవలసిన 50 పౌన్ల రుసుము కట్టకపోవడంతో 1862లో పేటెంటు రద్దయింది, అంతే, ఊరందరి సొత్తు అయిపోయింది. 1863లో పర్డీ బోల్టు, 1865లో దానికి స్కాట్ పైలీవర్ ఇరుసు, 1875లో వెస్ట్‌లీ రిచర్డ్స్ సంస్థలో పనిచేసే ఆన్సన్, డీలీల హ్యామర్ లేని బాక్స్‌లాక్ వచ్చేశాయి. అయినా మా తుపాకీ పాత జోన్స్ లీవర్‌తోనే తయారైంది. స్ప్రింగు లేదు, విరిగేది లేదు, అరిగేకొద్దీ ఇంకాస్త తిరిగి బిగుసుకుంటుంది. మూయడం నిదానం, అదొక్కటే లోపం. పొలాల్లో కుందేళ్ళు కొట్టే రైతుకు ఆ నిదానం అడ్డురాదు.

ఫోరెండ్ తీసేసి గొట్టాల్ని పట్టుకుని ఊపితే కదలిక లేదు. యాక్షన్ ముఖానికీ గొట్టాలకీ మధ్య సిగరెట్ కాగితం ముక్క పెట్టి మూస్తే గట్టిగా పట్టింది. కీలు బాగుంది.

గొట్టాలు

ఇనుము, ఉక్కు పట్టీలు పేర్చి కొలిమిలో అతికి, సన్నటి కడ్డీలుగా సాగదీసి, ఎర్రగా కాల్చి తాడులా మెలిపెడతారు. ఇలాంటివి రెండు మూడు కడ్డీలు, పక్కపక్కవి ఎదురు మెలికలతో, కలిపి అతికితే ఒక పట్టీ. దాన్ని ఉక్కు కడ్డీ చుట్టూ చుట్టి, అతుకు వేడిలో నిలువుగా నేలకేసి కుదించి, సుత్తితో కొడుతూ గొట్టం చేస్తారు. మూడు కడ్డీల పని కాబట్టి మాది త్రీ ఐరన్. బ్రౌనింగ్ పోయి బూడిదరంగుకు తిరిగిన గొట్టం మీద ఈ అల్లిక కనపడదు. అల్లికను పైకి తేవడమే బ్రౌనింగ్ పని: తుప్పుకూ ఆమ్లానికీ ఇనుమూ ఉక్కూ ఒకేలా లొంగవు, ఆ తేడాయే బొమ్మ.

మొదట ఒక నిషేధం. జోడు గొట్టాల తుపాకీని కాస్టిక్ లవణాల వేడి బ్లూయింగ్ తొట్టిలో ముంచకూడదు. రిబ్బులు తగరం, సీసం కలిసిన టంకంతో అతికి ఉంటాయి, ఆ క్షారం టంకాన్ని తినేస్తుంది. రిబ్బు కిందికి దూరిన లవణం ఏళ్ళ తరబడి లోపలి నుంచి గొట్టాన్ని తొలుస్తుంది. త్వరగా, చవగ్గా చేసిస్తామనే చోట అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

శుభ్రం చేయడం చేత్తోనే. 320, 400, 600 నంబరు సాండ్‌పేపర్లు వరసగా, చదునైన చెక్క ముక్కకు చుట్టి, గొట్టం పొడవునా. పాలిషింగ్ చక్రం పెడితే రిబ్బు అంచులు గుండ్రమవుతాయి, అక్షరాల చివర్లు కరిగిపోతాయి, గొట్టం మీద వెలుగు అలలుగా పడుతుంది. 21 థౌ చోటికి 320 వాడలేదు, 400తో మొదలుపెట్టాం. రంగు పోతే చాలు, గీతలన్నీ పోవాలన్న పంతం వద్దు.

తర్వాత రెండు కొసలకూ పొడవాటి చెక్క బిరడాలు, మైనం పూసి. అవే పట్టుకునే పిడులు కూడా. సుద్దపొడి, నీళ్ళు కలిపిన ముద్దతో జిడ్డు తీసి, కడిగి, ఇక ఒట్టి చేత్తో ముట్టుకోలేదు. ఒక్క వేలిముద్ర పడితే అక్కడ తుప్పు పట్టదు, ఆ వేలిముద్ర రంగులో నిలిచిపోతుంది.

బ్రౌనింగ్ ద్రావణం కొన్నదే. పాత వంటకాల్లో పాదరసపు లవణం ఉంటుంది, దాని జోలికి వెళ్ళనక్కర్లేదు. స్పాంజిని ముంచి, దాదాపు ఆరిపోయేదాకా పిండి, కొస నుంచి బ్రీచ్‌కు ఒక్క గీతగా లాగాలి. వెనక్కి రాకూడదు, ఒకదాని మీద ఒకటి ఎక్కించకూడదు. తడి ఎక్కువైతే రాగిరంగు చారలు పడతాయి, అవి తర్వాతి పూతల్లో కప్పుకుపోవు, మొదటికి రావలసిందే.

తేమ పెట్టెలో అడుగున నీళ్ళ పళ్ళెం, 25 డిగ్రీల చుట్టుపక్కల వేడి. ఎనిమిది గంటల్లో పసుపు ఎరుపు నూగు లాంటి తుప్పు సమంగా లేవాలి. తేమ మరీ ఎక్కువై నీటి చుక్కలు గొట్టం మీద నిలిస్తే అక్కడ గుంట పడుతుంది. తుప్పు లేచాక మరిగే నీళ్ళలో పది నిమిషాలు. ఎర్ర తుప్పు అక్కడ నల్లటి ఆక్సైడుగా మారుతుంది. నీళ్ళ ఎంపిక ముఖ్యం. 1904 నుంచి బర్మింగ్‌హామ్‌కు వేల్సులోని ఎలాన్ లోయ నీళ్ళు వస్తున్నాయి, మెత్తటి నీళ్ళు, కుళాయి కింద పట్టుకుని వాడేయొచ్చు. లండన్‌లో ఆ పప్పులుడకవు, సున్నం తెల్లటి మచ్చలు కడుతుంది. మన బోరు నీళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు, డిస్టిల్డ్ వాటర్ కొనుక్కోవాలి.

మొదటి మరుగులోనే రిబ్బు నిజం చెప్పింది. కొస నుంచి రెండు అంగుళాల మేర, ఎడమ పక్కన సన్నటి బుడగల వరస. లోపలి గాలి వ్యాకోచించి టంకం సందు నుంచి బయటికి వస్తోందన్న మాట. గాలి వచ్చిన దారినే నీళ్ళు లోపలికి పోతాయి. పని అక్కడ ఆపి, రిబ్బు ఆ ముక్క వరకూ మళ్ళీ టంకం వేయించి, మోగుడు పరీక్ష చేసి, మొదటి నుంచి మొదలుపెట్టాం. ఇప్పుడు కొసదాకా గంట మోత.

ప్రతి మరుగు తర్వాత నల్లటి మసిని 0000 రకం ఉక్కు ఉన్నితో దులపాలి. ఆ ఉన్నికి ఫ్యాక్టరీలోనే నూనె పట్టించి అమ్ముతారు. అసిటోన్‌లో ఉతకకుండా వాడితే జిడ్డు మళ్ళీ గొట్టానికి అంటి, తర్వాతి పూత మచ్చలుగా లేస్తుంది. మూడో పూత దాకా బొమ్మ మబ్బుగా ఉంటుంది, కంగారు పడనక్కర్లేదు. నాలుగో పూత నుంచి ప్రతి దులుపుడు తర్వాత బాగా పలచన చేసిన ఫెర్రిక్ క్లోరైడ్ దూదితో ఒక్కసారి తుడిచి వెంటనే కడిగాం. అది ఒక లోహం మీది నలుపును తొందరగా లాగేస్తుంది, రెండోదాని మీద వదిలేస్తుంది. ఎక్కువసేపు ఉంచితే రెండూ తెల్లబడతాయి. ఎనిమిది పూతలకు మెలికల చుట్లు గోధుమరంగు నేల మీద వెండిగీతల్లా తేలాయి. చివర వంటసోడా నీళ్ళతో కడిగి, గొట్టం వేడిగా ఉండగానే నూనె రాశాం. సోడా మానేస్తే వారంలోగా రంగు ఎర్రబడుతుంది, ద్రావణం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి.

యాక్షన్ మీద కేస్ హార్డెనింగ్ రంగు గార్డు నీడన మాత్రమే మిగిలింది, మిగతాదంతా వెండిబూడిద. ఎముక బొగ్గులో పెట్టి ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే వచ్చే రంగు అది. మళ్ళీ చేయించవచ్చు, కానీ ఆ వేడికి పాత యాక్షన్ వంకరపోతే ఇంత బాగున్న కీలు పాడవుతుంది. పైగా అరిగిన నగిషీ మీద కొత్త రంగు అతకదు, ముసలి ముఖానికి ముఖమల్ మెరుగు పెట్టినట్టుంటుంది. వదిలేశాం.

కర్ర

వాల్‌నట్, నిలువు చారలు మణికట్టు భాగంలో సరిగ్గా పొడవునా పోతున్నాయి. కర్ర అమర్చినవాడు పని తెలిసినవాడు. అడ్డంగా పోయి ఉంటే ఇన్నేళ్ళు నిలిచేది కాదు.

లాకుల వెనక భాగం నల్లగా, గోరు పెడితే దిగేంత మెత్తగా ఉంది. తుపాకీని బట్ (భుజానికి ఆనే కర్ర చివర) కిందికి ఆనించి నిలబెట్టి, నూనె దండిగా పోస్తే అది లాకుల గుండా కర్ర తలలోకి జారి ఏళ్ళ తరబడి నానబెడుతుంది. సరిగ్గా కాల్చినప్పుడు వెనక్కి తన్నే బలమంతా పడే చోటు అది. అందుకే శుభ్రం చేసిన తుపాకీని రెండు రోజులు కొస కిందికి ఉంచమంటారు.

సుద్దపొడిని అసిటోన్‌తో పేస్టు చేసి మందంగా పూస్తే, ఆరుతూ నూనెను లాక్కుని గోధుమరంగుకు తిరుగుతుంది. దులిపి మళ్ళీ పూయాలి. సుద్ద తెల్లగానే ఆరేదాకా ఆపకూడదు. గాలి తగిలే చోట, నిప్పుకు దూరంగా చేయవలసిన పని. కుడి లాకు వెనక రెండంగుళాల పగులును దీని తర్వాతే అతికాం. నూనె కర్రకు ఎపాక్సీ పట్టదు, పట్టినట్టు కనిపించి మొదటి దెబ్బకే విడిపోతుంది. ఎగిరిపోయిన అంచుకు అదే చారల వాల్‌నట్ ముక్క పొదిగాం.

నొక్కులకు తడి నూలుగుడ్డ, దాని మీద వేడి ఇస్త్రీ మొన. ఆవిరికి నలిగిన నారలు ఉబ్బి పైకి లేస్తాయి. నార తెగిన చోట మాత్రం లేవవు, అక్కడ సాండ్‌పేపర్‌తో చుట్టుపక్కల దించాలనిపిస్తుంది, దించితే లాకు ప్లేటు కర్ర కంటే ఎత్తుగా నిలబడుతుంది. లోహం అంచులకు పావు అంగుళం దూరం వరకూ కాగితం పెట్టలేదు.

నూనె పనికి అవిసె నూనెలో అల్కానెట్ వేరు నానబెట్టాం, మన పచారీ కొట్లలో రతన్‌జోత్ పేరుతో దొరికేదే. అరలీటరు పచ్చి నూనెకు 50 గ్రాముల వేరు, వెచ్చటి చోట రెండు వారాలు. చిక్కటి ఎరుపు వస్తుంది, వాల్‌నట్ మీద అది వెచ్చటి గోధుమ అవుతుంది. మొదట ఆ ఎర్రనూనె రెండు పూతలు. ఆపైన ఉడికిన అవిసె నూనె నాలుగు పాళ్ళు, టర్పెంటైన్ ఒక పాలు. ఆ తడి మీదే 400 వాటర్ పేపర్‌తో రుద్దితే వచ్చే ముద్ద కర్ర రంధ్రాలను నింపుతుంది, అడ్డంగా తుడిచి ఆరనివ్వాలి. రంధ్రాలు నిండాక రోజుకు ఒక్క పలచటి పూత, అరచేత్తో వేడి పుట్టేదాకా రుద్ది, మిగిలింది తుడిచేయడం. మందంగా పూస్తే పైన తొడుగు కట్టి లోపల జిగురుగా ఉండిపోతుంది, అప్పుడు గీకి తీయడమే మార్గం.

నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పారేయకండి. అవిసె నూనె ఆరుతూ వేడెక్కుతుంది, గుట్టలో ఆ వేడి పోయే దారి లేక దానంతటదే అంటుకుంటుంది. పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్ళ బకెట్‌లో వేయాలి.

చెకరింగ్

అంగుళానికి 24 గీతలు. సగం చోట్ల వజ్రాలు అరిగి బల్లపరుపుగా ఉన్నాయి, గాళ్ళ నిండా చేతి జిడ్డు. అసిటోన్, పళ్ళ బ్రష్‌తో కడిగితే పాత గీతలు దాదాపు అన్నీ కనిపించాయి. 60 డిగ్రీల ఒంటి మొన పనిముట్టుతో పాత గీతనే పట్టుకుని, లోతు మూడు విడతల్లో దించుతున్నాం. ఒక్కసారే దించితే మొన చారల వెంట పక్కకు పోతుంది, ఒక గీత తప్పితే దాని పక్కవన్నీ దాన్నే అనుసరిస్తాయి. గీత పూర్తిగా చెరిగిన చోట అంచు నుంచి లెక్కపెట్టకూడదు. నిలిచి ఉన్న రెండు గీతల మధ్య దూరాన్ని పంచుకుంటూ రావాలి. చివర పలచటి నూనె ఒక్క పూత, బ్రష్‌తో. కర్రకు వేసినన్ని పూతలు ఇక్కడ వేస్తే గాళ్ళు మూసుకుపోయి పట్టు పోతుంది.

ఎడమ పక్క అయింది. కుడి పక్క అంచు గీత మిగిలింది.

మిగిలినవి

కుడి చెకరింగ్ అంచు, బట్ మీద ఇంకొన్ని నూనె పూతలు, బిగింపు. ఆ తర్వాత యజమాని ఒకటి తేల్చుకోవాలి. తుపాకీ ఇప్పటికి నల్లమందు ప్రూఫ్‌లోనే ఉంది, రెండున్నర అంగుళాల నల్లమందు తూటాలకే పరిమితం. నైట్రో ప్రూఫ్ (పొగ రాని కొత్తరకం మందుకు పరీక్ష) కావాలంటే బాన్‌బరీ స్ట్రీట్‌లోని ప్రూఫ్ హౌస్‌కు పంపాలి, అక్కడ మామూలు తూటా కంటే బాగా ఎక్కువ ఒత్తిడితో కాలుస్తారు. 21 థౌ చోటు అందుకు తట్టుకోవచ్చు, ఉబ్బిపోనూ వచ్చు. ఉబ్బితే పాత ముద్రల మీద కూడా కొట్టివేత పడుతుంది. ఎడమ గొట్టం మందం కొలతల కాగితం తుపాకీతో పాటు ఇస్తున్నాం, మా సలహా పంపవద్దనే.